నోరు మూయించిన మాటే కేసును బతికించింది: 21 ఏళ్ల తర్వాత ఒక అక్కా తమ్ముడి ఫిర్యాదు

ఇద్దరు పిల్లలు, ఒకే ట్యూషన్, ఒకే మాస్టారు. అక్క కేసుకు లిమిటేషన్, అంటే కేసు పెట్టడానికి చట్టం ఇచ్చిన గడువు, అడ్డు రాలేదు. తమ్ముడి కేసు మాత్రం నా లెక్క ప్రకారం 2001 జనవరిలోనే చచ్చిపోయింది. ఆ లెక్క తప్పని తెలుసుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. చిన్నప్పుడు జరిగిన నేరం మీద పెద్దయ్యాక ఫిర్యాదు చేయడానికి వచ్చేవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడే జూనియర్ లాయర్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. మనుషులను గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను. సెక్షన్లు, తేదీల లెక్క, వాదనలు మార్చలేదు.

మొదటి రోజు

2021లో ఒక సాయంత్రం ఆఫీసు మూసే వేళకు వచ్చారు. అక్కకు 33, తమ్ముడికి 31. మాట్లాడిందంతా అక్కే. తమ్ముడు కుర్చీ అంచున కూర్చుని నా టేబుల్ మీది స్టాప్లర్‌ను తెరుస్తూ మూస్తూ ఉన్నాడు.

1998 జూన్ నుంచి 2000 జనవరి దాకా ఇద్దరూ వీధి చివర ఉన్న మాస్టారి ఇంటికి లెక్కల ట్యూషన్‌కు వెళ్లేవారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక చిన్న పట్టణం. మొదలైనప్పుడు ఆమెకు పదేళ్లు, వాడికి ఎనిమిది. మిగతా పిల్లలు వెళ్లిపోయాక తప్పులు దిద్దాలంటూ ఇద్దరిలో ఒకరిని ఆపేవాడు, తలుపు గడియ పెట్టేవాడు. కొన్నిసార్లు ఇద్దరినీ ఆపేవాడు. గదిలో జరిగింది ఇక్కడ రాయను. చట్టం భాషలో చెప్పాలంటే అప్పటి ఐపీసీ (భారత శిక్షాస్మృతి) నిర్వచనాల ప్రకారం అది 376 (అత్యాచారం) కిందికి రాదు, 377 (అసహజ లైంగిక చర్య) కిందికీ రాదు.

ఇరవై ఏళ్లు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడెందుకు వచ్చారని నేను అడగలేదు, ఆమే చెప్పింది. ఆమె కూతురికి లెక్కలు రావడం లేదట. ఫోన్లో ఆ మాట వస్తే వాళ్లమ్మ, ఏమీ తెలియని మనిషి, "ఆ మాస్టారు ఇంకా చెబుతున్నాడే, సెలవులకు ఇక్కడికి పంపించు" అందట. ఆ రాత్రే తమ్ముడికి ఫోన్ చేసింది. తనకు జరిగింది వాడికీ జరిగిందని ఆమెకు తెలుసు, ఆమెకు జరిగిందని వాడికీ తెలుసు. కానీ దాని గురించి ఇద్దరూ నోరు విప్పి మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

ఏ చట్టం, ఏ సెక్షన్

ఇలాంటి కేసు రాగానే అందరి నోటా వచ్చే మొదటి మాట పోక్సో, పిల్లలపై లైంగిక నేరాల చట్టం. ఇక్కడ అది పనికిరాదు. ఆ చట్టం అమల్లోకి వచ్చింది 2012 నవంబర్ 14న. జరిగిన రోజున లేని చట్టం కింద శిక్ష వేయకూడదని రాజ్యాంగం 20(1) అధికరణం చెబుతోంది. 1999లో జరిగిన దానికి 1999లో ఉన్న ఐపీసీలోనే వెతుక్కోవాలి.

తర్వాతి ప్రశ్న గడువు. సీఆర్‌పీసీ (నేర విచారణ పద్ధతి చట్టం) 468 లెక్క ఇది: జరిమానా మాత్రమే ఉన్న నేరానికి ఆరు నెలలు, ఏడాది దాకా జైలు ఉంటే ఒక ఏడాది, ఏడాది దాటి మూడేళ్ల దాకా ఉంటే మూడేళ్లు. గరిష్ఠ శిక్ష మూడేళ్లు దాటితే గడువే లేదు. దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో ఇదే 514వ సెక్షన్. అంటే నేరానికి ఎన్నేళ్లు శిక్ష ఉందనేది తేలితే కేసు బతికుందా లేదా అనేది తేలిపోతుంది.

అక్క విషయంలో సెక్షన్ 354, స్త్రీ మర్యాదకు భంగం కలిగించేలా బలప్రయోగం చేయడం. పదేళ్ల పిల్లను స్త్రీ అంటారా అని అనుమానపడక్కర్లేదు. నెలల పాపకూ ఆ సెక్షన్ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1966లోనే తేల్చింది. చిక్కు శిక్ష దగ్గర. 2013 సవరణకు ముందు దేశమంతటా 354కు గరిష్ఠ శిక్ష రెండేళ్లు. గడువు మూడేళ్లు. ఆ లెక్కన 2003లో ముగిసిపోయి ఉండాలి.

కానీ మన రాష్ట్రం 1991లో 6వ నంబరు చట్టం తెచ్చి 354ను మార్చుకుంది. అయిదేళ్లకు తగ్గకుండా, ఏడేళ్ల దాకా శిక్ష, విచారణ సెషన్స్ కోర్టులో. మామూలు బేర్ యాక్టుల్లో (చట్టం పాఠం మాత్రమే ఉండే పుస్తకాల్లో) ఇది పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొన్నిటిలో అసలు ఉండదు. ఏడేళ్ల శిక్ష ఉన్న నేరానికి గడువు లేదు. ఇదే మాస్టారు ఇదే పని అప్పట్లో సరిహద్దు దాటి పక్క రాష్ట్రంలో చేసి ఉంటే అక్క కేసు కూడా ఉండేది కాదు.

తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి చేతులు కట్టేసినట్టయింది. 354 మగపిల్లలకు లేదు. 377కు కావలసిన చర్య జరగలేదు. ఇక మిగిలినవి ఏమిటి? నొప్పి కలిగించినందుకు 323, గదిలో బంధించినందుకు 342, రెండింటికీ ఏడాది దాకా జైలు. దౌర్జన్యానికి 352, మూడు నెలలు. అన్నిటికీ గడువు ఒక్క ఏడాదే. చివరి సంఘటన 2000 జనవరి. 2001 జనవరి నాటికి అన్నీ ముగిశాయి. అప్పటికి వాడికి పదేళ్లు.

నాకు ఎప్పుడూ మింగుడుపడని సంగతి ఒకటుంది. ఇదే పిల్లవాడి పేరున ఉన్న అరెకరం పొలం ఎవరో ఆక్రమించుకుని ఉంటే, 1963 లిమిటేషన్ యాక్ట్ 6వ సెక్షన్ కింద వాడు మైనారిటీ తీరేదాకా గడియారం ఆగుతుంది. తీరాక కూడా దావా వేసుకోవడానికి టైమ్ ఇస్తారు. ఆస్తి విషయంలో పసివాడు కోర్టుకు రాలేడని చట్టానికి తెలుసు. ఒంటి మీద జరిగిన నేరం దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి పోయింది. 469వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిన రోజు నుంచే లెక్క. బాధితుడికి నేరం సంగతి తెలియకపోయినా, నేరస్థుడెవరో తెలియకపోయినా తెలిసిన రోజు నుంచి లెక్కిస్తారు. ఈ పిల్లవాడికి రెండూ తెలుసు. తెలిసి ఏం చేయాలో చెప్పేవాళ్లే లేరు. ఆ పరిస్థితికి 469లో చోటు లేదు.

అందుకని ఆ రోజే తమ్ముడితో చెప్పేశాను. "మీ అక్క కేసులో మీరు సాక్షి. మీ తరఫున కేసు పెట్టడానికి గడువు దాటిపోయింది." వాడు స్టాప్లర్ టేబుల్ మీద పెట్టేసి "సరే మేడమ్" అన్నాడు. అంతే.

చట్టం తెలిసినవాళ్లం తొందరపడి ఇచ్చే ఇలాంటి సమాధానాలు ఎంత నష్టం చేస్తాయో అప్పటికే నాకు తెలిసి ఉండాల్సింది.

ఏడో పేజీ

పాత కేసుల్లో నేను మొదటి రోజే ఫిర్యాదు రాయను. ఇంట్లో కూర్చుని గుర్తున్నదంతా, వరస తప్పినా సరే, రాసుకురమ్మంటాను. తేదీలు గుర్తుండవు. ఏ క్లాసు, ఏ సెలవులు, ఎండాకాలమా వానలా అనేవి గుర్తుంటాయి. అక్క రెండు వారాల తర్వాత పదకొండు పేజీలు తెచ్చింది. ఏడో పేజీలో ఈ మాటలున్నాయి:

"ఆ రోజు ఇద్దరినీ ఉంచాడు. వెళ్లేటప్పుడు తమ్ముడి భుజం పట్టుకుని, అమ్మకు చెప్పావంటే మీ అమ్మను మీ పెరటి బావిలో తోసి చంపేస్తా, కాలు జారి పడిందనుకుంటారు అన్నాడు. నాకూ అదే అని వేలు చూపించాడు."

అక్కడ ఆగాను. ఇది 506, బెదిరింపు సెక్షన్. మామూలు బెదిరింపైతే రెండేళ్ల శిక్ష, మూడేళ్ల గడువు, ఎప్పుడో అయిపోయింది. కానీ చంపుతాననో, తీవ్రంగా గాయపరుస్తాననో బెదిరిస్తే అది 506 రెండో భాగం. ఏడేళ్ల దాకా శిక్ష. గడువు లేదు. చంపుతానన్నది పిల్లవాడిని కాదు కదా, వాళ్లమ్మను కదా అనొచ్చు. బెదిరింపు నిర్వచనం 503లో ఉంది, మనిషికి కావలసినవాళ్లకు హాని చేస్తానన్నా అది బెదిరింపే. తొమ్మిదేళ్ల పిల్లవాడికి అమ్మ కంటే కావలసినవాళ్లెవరు?

అసలు ఉపయోగం ఆ తర్వాత ఉంది. 468లో మూడో ఉపవిభాగం అని ఒకటుంది, 1978లో చేర్చారు. కలిపి విచారించదగ్గ నేరాలు కొన్ని ఉన్నప్పుడు, వాటిలో ఎక్కువ శిక్ష ఉన్న నేరాన్ని బట్టి అన్నిటికీ గడువు లెక్కించాలని చెబుతుంది. గడియ పెట్టడం, లోపల జరిగింది, బయటికి వస్తుంటే బెదిరించడం అంతా ఒకే మధ్యాహ్నం, ఒకే వరసలో జరిగింది. సీఆర్‌పీసీ 220(1) ప్రకారం వాటిని కలిపి విచారించవచ్చు. కాబట్టి 506 రెండో భాగం బతికుంటే, దాన్ని పట్టుకుని 342, 323 కూడా బతుకుతాయి.

పిల్లవాడి ఒంటి మీద జరిగిన దాన్ని చట్టం ఏడాదిలో మర్చిపోయింది. వాడి నోరు మూయించడానికి అన్న మాటను మాత్రం మర్చిపోలేదు. ఇందులో న్యాయం ఏముందని అడిగితే నా దగ్గర జవాబు లేదు. కానీ తలుపు తెరిచే తాళంచెవి అదే.

ఆ సాయంత్రమే తమ్ముడికి ఫోన్ చేశాను. ముందు క్షమాపణ చెప్పాను. తర్వాత ఒకే ప్రశ్న అడిగాను: "ఎవరికైనా చెబితే ఏం చేస్తానన్నాడు?" చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత బావి మాట వాడే చెప్పాడు. అక్క ఏం రాసిందో నేను వాడికి చెప్పలేదు, ఆమెనూ చెప్పవద్దన్నాను. రేపు క్రాస్‌లో, అంటే అవతలి లాయరు సాక్షిని ప్రశ్నించేటప్పుడు, "ఇద్దరూ కూడబలుక్కున్నారు" అనే మాట రాక తప్పదు. అప్పుడు ఈ జాగ్రత్తే కాపాడుతుంది.

ఈ కేసు తర్వాత నా ఆఫీసులో మొదటి రోజు నింపించే కాగితంలో "చెబితే ఏం చేస్తానన్నాడు? అతను అన్న మాటలే రాయండి" అనే గడి పెట్టాను. ఏం జరిగిందని అందరూ అడుగుతారు. ఇది మాత్రం ఎవరూ అడగరు.

స్టేషన్లో

ఫిర్యాదులో నేను సెక్షన్లు రాయను, సంఘటనలే రాస్తాను. బాధితురాలు పదేళ్ల పాప అని కనిపించగానే అక్కడివాళ్లు పోక్సో 8వ సెక్షన్ కింద ఎఫ్‌ఐఆర్ రాసేశారు. మంచి ఉద్దేశమే. కానీ అలాగే వదిలేస్తే ముద్దాయికి మొదటి వాయిదాలోనే పండగ. దర్యాప్తు అధికారిని కలిసి 20(1) గురించి, 1991 సవరణ గురించి వివరిస్తే ఆయన విసుక్కోకుండా విన్నాడు. సెక్షన్లు మారుస్తూ కోర్టుకు మెమో వేశాడు: 354, 342, 323, 506 రెండో భాగం.

అసలు దెబ్బ వేరే చోట తగిలింది. 161 స్టేట్‌మెంట్ (పోలీసులు రాసుకునే వాంగ్మూలం) రాసిన కానిస్టేబుల్ బావి మాట మొత్తాన్ని "ఎవరికైనా చెబితే బాగుండదని బెదిరించినాడు" అనే ఒక్క ముక్కలోకి కుదించేశాడు. మనకు అలవాటైన స్టేషన్ భాష అది. ఆ వాక్యంతో 506 మొదటి భాగమే నిలుస్తుంది, రెండో భాగం పోతుంది. దానితో తమ్ముడి కేసు మొత్తం పోతుంది. వెంటనే ఇద్దరికీ మేజిస్ట్రేట్ ముందు 164 స్టేట్‌మెంట్లు ఇప్పించాం. వెళ్లేముందు నేను చెప్పింది ఒక్కటే: "గుర్తున్నది గుర్తున్నట్టు చెప్పండి. గుర్తులేనిది గుర్తులేదని చెప్పండి. అతను అన్న మాట అన్నట్టే చెప్పండి, మంచి భాషలోకి మార్చకండి."

ఛార్జ్‌షీట్ వేస్తే కోర్టు ఆఫీసు దాన్ని వెనక్కి పంపింది. 2000 నాటి నేరానికి గడువు ఎలా మిగిలి ఉందో వివరించమని ఆబ్జెక్షన్. నిజానికి మంచి ప్రశ్న. 468(3) మీద జవాబు రాసి, దానితో పాటే ఏపీపీ (ప్రభుత్వం తరఫు లాయరు) చేత 473 కింద ప్రత్యామ్నాయంగా పిటిషన్ కూడా వేయించాం. ఆలస్యానికి సరైన వివరణ ఉన్నా, న్యాయం కోసం అవసరమైనా గడువు దాటిన కేసును కోర్టు తీసుకోవచ్చని ఆ సెక్షన్ చెబుతుంది. భార్యలను హింసించే కేసుల్లో దీన్ని ఉదారంగా వాడాలని, అదీ మన రాష్ట్రం నుంచే వెళ్లిన ఒక కేసులో, సుప్రీంకోర్టు 1993లో చెప్పింది. అదే తర్కం పిల్లలకూ పట్టాలన్నది నా వాదన. ఒక జాగ్రత్త ఉంది. ముద్దాయికి నోటీసు ఇవ్వకుండా ఆలస్యాన్ని మన్నిస్తే ఆ ఉత్తర్వు నిలవదు, సుప్రీంకోర్టు అది కూడా చెప్పింది. నోటీసు ఇప్పించాం. దానికే నాలుగు నెలలు పోయింది.

డిశ్చార్జ్ పిటిషన్

కేసు సెషన్స్ కోర్టుకు కమిట్ అయ్యాక (బదిలీ అయ్యాక) అనుకున్నట్టే డిశ్చార్జ్ పిటిషన్ వచ్చింది, అంటే విచారణ లేకుండానే ముద్దాయిని వదిలేయమని. అవతలి లాయరు సీనియర్, తయారై వచ్చారు. 354కు రెండేళ్లే శిక్ష అని మొదలుపెట్టారు. పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారు 1991 చట్టం కాపీ అందించగానే ఆ వాదన అక్కడితో ఆగిపోయింది. బాధితుల తరఫు లాయరుగా నేను ప్రాసిక్యూషన్‌కు సహాయం చేయగలను తప్ప నేరుగా వాదించలేను. ఆ కాగితం పీపీ చేతిలో సరైన నిమిషంలో ఉండేలా చూడటమే నా పని.

తమ్ముడి కేసు మీద ఆయన వాదన గట్టిది. "చచ్చిపోయిన చిన్న కేసును బతికించడానికి పెద్ద సెక్షన్ తగిలించారు. 161లో చంపుతానన్న మాట లేదు, 164లో వచ్చింది. గడువు కోసమే అల్లిన మాట." ఇలాంటి అనుమానం కోర్టుకు రావడం సహజం. గడువు దాటిన ప్రతి గొడవకూ ఒక పెద్ద సెక్షన్ జత చేసి బతికించుకునే అలవాటు మనవాళ్లకు ఉంది, కాదనలేం.

మా జవాబు మూడు ముక్కలు. ఆ మాట 164లో కొత్తగా పుట్టలేదు, ఎఫ్‌ఐఆర్‌కు ఆధారమైన మొదటి ఫిర్యాదులోనే ఉంది. కుదించింది కానిస్టేబుల్ కలం. అది నిజమా కాదా అనేది విచారణలో తేలాల్సింది, డిశ్చార్జ్ దశలో కాదు. ఇక గడువు లెక్కకు ఏ తేదీ తీసుకోవాలన్న చర్చ కూడా కొంత నడిచింది. కోర్టు కాగ్నిజెన్స్ తీసుకున్న (కేసును స్వీకరించిన) తేదీ కాదు, ఫిర్యాదు దాఖలైన తేదీ లేదా ప్రాసిక్యూషన్ మొదలైన తేదీయే లెక్క అని 2013లో సారా మాథ్యూ కేసులో అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మా కేసులో దానితో పెద్ద పని పడలేదు. మీకు పడవచ్చు. బీఎన్‌ఎస్‌ఎస్ 514లో ఇప్పుడు ఈ సంగతి వివరణగానే చేర్చేశారు, ఫిర్యాదు చేసిన తేదీ లేదా పోలీసులు సమాచారం నమోదు చేసిన తేదీ.

ఉత్తర్వు పాక్షికంగా మా వైపు వచ్చింది. అక్క విషయంలో ముద్దాయి మీద ఆరోపణలన్నీ నిలిచాయి. తమ్ముడి విషయంలో ఇద్దరినీ కలిపి ఉంచిన ఆ ఒక్క మధ్యాహ్నం మాత్రం 468(3) కింద నిలిచింది. వాడిని ఒక్కడినే ఆపిన మిగతా రోజులన్నీ పోయాయి, ఎందుకంటే ఆ రోజుల్లో చంపుతానన్న మాట లేదు. ఒక రోజు నిలిచింది కాబట్టి 473 మీద నిర్ణయం అవసరం లేదని కోర్టు వదిలేసింది. నాకు అది ఇప్పటికీ వెలితిగానే ఉంది. దాని మీద ఒక ఉత్తర్వు వచ్చి ఉంటే, మంచైనా చెడైనా, పై కోర్టుకు తీసుకెళ్లడానికి ఒక దారి ఉండేది.

నోట్‌బుక్కు, బావి

గడువు గట్టెక్కితే కేసు గెలిచినట్టు అనుకునేవాళ్లు ఉన్నారు. ఇరవై ఏళ్ల తర్వాత రుజువు చేయడం వేరే కొండ. లైంగిక నేరాల్లో ఫిర్యాదు ఆలస్యమైందన్న ఒక్క కారణంతో అనుమానించకూడదని గుర్మీత్ సింగ్ కేసులో 1996లో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఉంది కానీ, అది రోజుల ఆలస్యం సంగతి. ఇక్కడ రెండు దశాబ్దాలు.

వాళ్లమ్మ ఇంటి లెక్కలు రాసుకునే మనిషి. అటక మీద ట్రంకు పెట్టెలో పాత లాంగ్ నోట్‌బుక్కులు దొరికాయి. అంచులు చెదలు కొట్టేసినవి, నీలం సిరా పాలిపోయినవి. 1998 జూన్ నుంచి ప్రతి నెలా మొదటి వారంలో "ట్యూషన్" అనే పద్దు. 2000 ఫిబ్రవరి పేజీలో ఆ పద్దు లేదు. దాని బదులు పక్కన వాలుగా ఒక మాట: "మానేశారు. ఇద్దరూ వెళ్లం అంటున్నారు. ఎందుకో చెప్పరు." ఆ రోజు ఆమె ఏ కోర్టు కోసమూ రాయలేదు. ఆ పేజీని ఎగ్జిబిట్‌గా మార్క్ చేయించి, రాత తనదేనని ఆమె చేతే చెప్పించాం.

విచారణలో ఆమె పీడబ్ల్యూ-3, ప్రాసిక్యూషన్ తరఫు మూడో సాక్షి. చీఫ్‌లో, అంటే మొదట తన వైపు లాయరు అడిగేటప్పుడు, పీపీ గారు ఆ రోజుల్లో పిల్లల్లో ఏమైనా తేడా గమనించారా అని అడిగారు. ఆమె కాసేపు ఆలోచించింది. "పిల్ల బాగానే ఉండేది. పిల్లోడే... నన్ను బావి దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లనిచ్చేవాడు కాదండి. నేను చేద వేస్తుంటే వెనక నుంచి నా కొంగు పట్టుకుని నిలబడేవాడు. నీళ్లంటే భయమేమో అనుకున్నా."

ఈ మాట మాకెవరికీ ముందు తెలియదు. తమ్ముడికి కూడా గుర్తులేదట. 506లో రుజువు చేయాల్సిన అసలు సంగతి భయం కలిగించాలన్న ఉద్దేశం. 164 వాంగ్మూలం ఇంప్రూవ్‌మెంట్ (తర్వాత కలిపిన మాట) అని క్రాస్‌లో ఎంత లాగినా, కొంగు పట్టుకున్న తొమ్మిదేళ్ల పిల్లవాడిని ఎవరూ కదిలించలేకపోయారు. అవతలి సీనియర్ ఆ విషయం మీద ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. వేయకపోవడమే తెలివి.

చట్టం మార్చాలంటే ఎక్కడ మార్చాలి

పిల్లలపై లైంగిక నేరాల ఫిర్యాదుకు పోక్సోలో కాలపరిమితి ఏదీ లేదని 2018 అక్టోబర్‌లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ ప్రకటించింది. అప్పటి మంత్రి మేనకా గాంధీ. పత్రికల్లో పెద్ద అక్షరాల్లో వచ్చింది. ఆ కట్టింగ్ పట్టుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు రెండు విషయాలు చెప్పాల్సి వస్తుంది. 2012కు ముందు జరిగిన దానికి పోక్సో లేదు. పోక్సో ఉన్నచోట కూడా గరిష్ఠ శిక్ష మూడేళ్లు దాటని సెక్షన్లకు 468 తలుపు మూసే ఉంది. లైంగిక వేధింపుకు 12వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా శిక్ష, కాబట్టి గడువు మూడేళ్లు. తెలిసీ పోలీసులకు చెప్పని పెద్దలకు 21వ సెక్షన్ కింద ఆరు నెలలు, సంస్థ అధిపతి అయితే ఏడాది. గడువు ఒక్క ఏడాది. పిల్లవాడికి నోరు వచ్చేసరికి, దాచిపెట్టినవాళ్లు అందరికంటే ముందు తప్పించుకుని ఉంటారు.

జర్మనీలో ఇలాంటి నేరాలకు బాధితుడికి ముప్ఫై ఏళ్లు నిండేదాకా గడియారం మొదలే కాదు. ఫ్రాన్స్‌లో పిల్లల మీద తీవ్రమైన లైంగిక నేరాలకు 2018 నుంచి మేజరైన రోజు మొదలుకొని ముప్ఫై ఏళ్లు. మనకు అంత దూరం పోనక్కర్లేదు. లిమిటేషన్ యాక్ట్ 6లో ఉన్న ఆలోచననే బీఎన్‌ఎస్‌ఎస్ 515లోకి, అంటే పాత 469లోకి తెచ్చి, బాధితుడు మైనరైతే పద్దెనిమిదేళ్లు నిండిన రోజు నుంచి లెక్క అని రాస్తే చాలు. అదైనా ముందు జరగబోయేవాటికే. ఇప్పటికే గడువు ముగిసిన కేసులను కొత్త చట్టంతో తిరిగి లేపడం కుదరదని అమెరికా సుప్రీంకోర్టు 2003లో స్టాగ్నర్ కేసులో తీర్పు ఇచ్చింది, అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు. ఇక్కడ అలాంటి సవరణ వస్తే 20(1) పట్టుకుని మొదటి రోజే అదే వాదన వస్తుంది. ఆ వాదనలో బలం లేదని నేననను. రేపు నా క్లయింట్ ముద్దాయి అయితే నేనే చేస్తాను.

అందాకా పాత నేరాలకు ఉన్న దారి సెక్షన్ల మధ్య వెతుక్కోవడమే. 2024 జూలై 1 తర్వాత ఫిర్యాదు చేసినా పాత సంఘటనకు ఐపీసీ సెక్షన్లే, పద్ధతి మాత్రం బీఎన్‌ఎస్‌ఎస్‌ది. ఆ తేదీ తర్వాతి నేరాలకు 506 రెండో భాగం స్థానంలో కొత్త శిక్షాస్మృతి బీఎన్‌ఎస్‌లో 351(3) ఉంది, శిక్ష అదే ఏడేళ్లు.

తీర్పు

354 రుజువైంది, అన్ని సంఘటనలూ కాదు, రెండు మాత్రమే. మిగతావాటికి సమయం, స్థలం తగినంత స్పష్టంగా లేవని సంశయలబ్ధి ఇచ్చారు. ముద్దాయికి డెబ్బై దాటాయని 1991 సవరణలోనే ఉన్న మినహాయింపు వాడి అయిదేళ్లకు బదులు రెండేళ్లు వేశారు. 506 రెండో భాగం ఇద్దరి విషయంలోనూ రుజువైంది, ఏడాది. 342 రుజువైంది, ఆరు నెలలు. 323లో నొప్పి కలిగినట్టు సాక్ష్యం లేదని కొట్టేశారు. శిక్షలన్నీ ఏకకాలంలో. అప్పీలు పెండింగ్‌లో ఉంది, శిక్ష సస్పెన్షన్‌లో ఉంది. అతను బయటే ఉన్నాడు, ట్యూషన్లు మాత్రం ఆగాయి.

సర్టిఫైడ్ కాపీ తీసుకోవడానికి తమ్ముడు ఒక్కడే వచ్చాడు. తీర్పు ఇంగ్లీషులో ఉంది, చదివి చెప్పమన్నాడు. చివరి పేజీలు ఒక్కొక్కటీ తెలుగులో చెప్పాను. అంతా విని అడిగాడు:

"అంటే మేడమ్, అమ్మను బావిలో తోస్తానన్నందుకు ఏడాది. తలుపు గడియ పెట్టినందుకు ఆరు నెలలు."

"అవును."

"మరి లోపల చేసినదానికి?"

"నీ విషయంలో అప్పటికి సెక్షన్ లేదు నాన్నా."

కాపీని మడిచి సంచిలో పెట్టుకున్నాడు. ఫీజు రసీదు అడిగి తీసుకున్నాడు.